ఒకే తీరున వచ్చే చప్పుడు

మా వదిన అస్థికలు మంత్రాలయంలో తుంగభద్రలో కలిపి వస్తుంటే, ఎమ్మిగనూరు దగ్గర బాడుగ కారులో ఒక పసుపు దీపం వెలిగింది. వదిన పుట్టిల్లు ఆ ఊరే కాబట్టి, వాళ్లింట కాసేపు కూర్చుని పోదామని అటు తిరిగి వచ్చాం. డ్రైవరు కుర్రవాడు. దీపం చూసి భయపడి, ఊరి మొదట్లో ఉన్న ఒక షెడ్డు దగ్గర ఆపాడు. మెకానిక్ స్టీరింగు కింద ఎక్కడో ఒక చిన్న పెట్టె తగిలించాడు. దాని తెర మీద ఒక అక్షరం, కొన్ని అంకెలు వచ్చాయి. వాటి అర్థం ఫోనులో చూసుకొని, ఫలానా చోట తప్పుంది, ఇప్పటికేం భయం లేదు, ఆదోని దాకా పోవచ్చు అన్నాడు.

మా అన్న కారు దిగి ఆ పెట్టెనే చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు చెవులు వినపడవు. ఎదుటివాళ్ల పెదవులు చూసి సగం తెలుసుకుంటాడు. మిగతా సగం నేను ముఖానికి ముఖం పెట్టి చెప్పాలి.

“అన్నీ సెప్తాదా ఇది?” అని అడిగాడు మెకానిక్‌ను.

“తప్పు యాడుంటే ఆడ సెప్తాది పెద్దాయనా.”

“బాగుంటే?”

“బాగుంటే ఏం సెప్పదు. బాగుంటే ఇంగ సెప్పేదేముంది?”

ఆ మాట ఆయనకు అందలేదు. నేను మళ్లీ చెప్పాను. అన్న తల ఊపి కారెక్కాడు. అత్తగారింట్లో కూర్చున్నంతసేపూ, ఆదోని వచ్చేదాకా ఆయన ఏం తలుచుకుంటున్నాడో నాకు తెలుసు. తెలిసినా చెప్పుకోవడానికి ఇద్దరికీ ఓపిక లేదు.

పెద్దకర్మ నాడు పంచడానికి వదిన ఫోటోతో ఒక కాగితం అచ్చు వేయిద్దామని బంధువు ఒకాయన అన్నాడు. బడిలో ఏళ్ల తరబడి తెలుగు చెప్పినవాణ్ణని ఆ పని నాకు అప్పగించారు. ఆయనే మాటలు కూడా అందించాడు. త్యాగమూర్తి, అనురాగదేవత. అవి ఎవరి ఫోటో కిందైనా పట్టే మాటలు. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పించుకున్నాను. అది పూర్తిగా అబద్ధమూ కాదు. కాగితం మీద వట్టి పేరు, ఊరు వేశారు.

రాయవలసింది వేరే ఉంది. మా అన్న బాడుగకు కారు తిప్పే రోజుల్లో, ఇంజనులో ఏ చప్పుడు వస్తోందో వదిన విని చెప్పేది. ఆమె చెప్పినదాన్ని బట్టి ఆయన రోగం కనిపెట్టేవాడు. ఆయనకు చెవులు పోయిన సంగతి మా ఇంట్లో ముగ్గురికీ, ఇంజను విప్పే మేస్త్రీకీ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆయన కారులో ఎవరూ ఎక్కరు. ఎక్కకపోవడమే న్యాయం. కానీ ఆ కారు తప్ప ఆయనకు వేరే ఆధారం లేదు.

అప్పుడు నేను ఆదోనిలో ఒక బడిలో పంతులుగా కొత్తగా చేరి ఉన్నాను. పెళ్లి కాలేదు. అన్నావదినల దగ్గరే ఉండేవాణ్ణి. మా ఇల్లు జిన్నింగు మిల్లుల వెనక సందులో ఉండేది. పత్తి కాలంలో గాలిలో దూది తేలుతూ ఉండేది. ఆరేసిన బట్టలు, కిటికీ ఊచలు, అన్నం గిన్నె మూత, అన్నిటి మీదా సన్నగా తెల్లటి నూగు. మా అన్న కారు కొనకముందు ఆ మిల్లుల్లోనే ఒకదానిలో ఆయిలింజను చూసుకునేవాడు. చిన్నప్పటి నుంచీ ఆయనకు చెవి కారేది. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయడం, దూది పెట్టడం, అంతటితో సరి. ఎడమ చెవి ముందు పోయింది. కుడి చెవి మెల్లగా, కొన్నేళ్లు తీసుకొని పోయింది.

కారు పాతది, నల్లది. ముందు సీటు బెంచీలాగా ఒకటే. గేరు స్టీరింగు పక్కన ఉండేది. ఆయిలు తగ్గితే వెలగవలసిన ఎర్ర దీపం కొన్ననాటికే మాడిపోయి ఉంది. ఆయన దాన్ని మార్పించలేదు. దీపంతో పనిలేదనేవాడు. ఇంజనులో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఆయనకు వేరే దారులు ఉండేవి. పొద్దున్నే ప్లగ్గులు నాలుగూ విప్పి, పాత పంచెగుడ్డ మీద వరుస తప్పకుండా పేర్చేవాడు. కొన ఇటుకపొడి రంగులో ఉంటే బాగున్నట్టు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే లోపల వేడి మితిమీరుతున్నట్టు. తడిగా, జిడ్డుగా ఉంటే రింగులు అరిగి ఆయిలు పైకి వస్తున్నట్టు. కళ్లతో చదివేది అది. చెవితో వినవలసిన దానికి పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది. దాని మొన ఇంజను మీద ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు ఆనించి వినేవాడు. అట్లా అన్ని చోట్లా చేస్తారు. చెవి పూర్తిగా పోయిన తర్వాత పిడిని పళ్ల మధ్య కరిచి పట్టడం మొదలుపెట్టాడు. పళ్లలోంచి చప్పుడు తలలోకి వస్తుందట. నేనూ ఒకసారి కరిచి చూశాను. నిజమే.

అయితే అది కారు నిలబడి ఉన్నప్పుడు. కొన్ని చప్పుళ్లు ఇంజను మీద బరువు పడినప్పుడే వస్తాయి. ఎత్తు ఎక్కుతున్నప్పుడు, గేరు మార్చి లాగుతున్నప్పుడు. స్క్రూడ్రైవరు కరుచుకొని కారు నడపలేడు కదా.

అప్పటికి నేను ఒక పని చేశాను. కర్నూలు నుంచి కార్ల మరమ్మత్తు గురించిన ఒక ఇంగ్లీషు పుస్తకం తెప్పించాను. దానిలో రోగాల పట్టిక ఉంది. ఒక పక్క లక్షణం, ఇంకో పక్క కారణం. సాయంత్రాలు కూర్చుని అన్నకు ఒక్కొక్కటీ తెలుగులో అరిచి చెప్పేవాణ్ణి. ఇట్లాంటి మోత వినపడితే ఇది, అట్లాంటి మోత వినపడితే అది. నాలుగైదు విన్నాక ఆయన నవ్వాడు.

“మొదలు ఇనపడల్ల కదరా. ఇది చెవులుండే నాయాళ్లకు రాసినాడు.”

పుస్తకం మూసేశాం. పొయ్యి దగ్గర నుంచి వదిన అంది, “ఏందది, నేనొచ్చి ఇంటే కాదా?”

మొదట ఆయన ఒప్పుకోలేదు. బాడుగ కారులో పెండ్లాన్ని ముందు కూర్చోబెట్టుకొని ఊళ్లో తిరిగితే ఏమనుకుంటారని. కానీ ఒక పొద్దున కారు ఎందుకో దగ్గుతూ ఉంటే, ఆయన పళ్లకు ఏమీ దొరకక, ఆమెను ఎక్కించుకొని ఎమ్మిగనూరు దారిలో కొంతదూరం పోయివచ్చాడు. వెనక సీటులో నేను కూర్చున్నాను. ఇంటి ముందు దిగగానే ఆయన ఆమె ముఖంలోకి వంగి చూశాడు.

“ఏముండె? సెప్పు.”

“మంగలంలో సెనిక్కాయలు ఏపినట్ల. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం. దిగేటప్పుడు లేదు.”

ఆయన కాసేపు ఆలోచించి పెట్రోలు బంకు వాణ్ణి తిట్టాడు. పెట్రోలులో కిరసనాయిలు కలిపినప్పుడు వచ్చే చప్పుడట అది. వేరే బంకులో పోయించుకున్నాక మంగలం చప్పుడు పోయింది.

అప్పటి నుంచి అది వాళ్లిద్దరి మధ్య ఒక భాష అయింది. ఆమెకు ఇంజను భాగాల పేర్లు ఒక్కటీ తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. తాను ఎరిగిన చప్పుళ్లే చెప్పేది. గాజులన్నీ కలిపి గంపలో ఊపినట్టు అంటే ముందువైపు గొలుసు వదులైందని ఆయనకు తెలిసేది. తడిగుడ్డ దులిపినట్టు అంటే ఫ్యాను బెల్టు అంచులు చీలాయి. పాలు పొంగబోయే ముందు అడుగున వచ్చే చప్పుడు అంటే రేడియేటరులో నీళ్లు తక్కువ. ముసలాయన గొంతులో గల్ల గురగురలాడినట్టు అంటే పొగగొట్టం ఎక్కడో పగిలింది. కొత్త చప్పుడు వచ్చినప్పుడల్లా ఆమె కొంచెం సేపు వెతుక్కునేది. దొరికేదాకా తప్పు మాట చెప్పేది కాదు. నాకు ఆ పట్టుదల నచ్చేది. రాసేవాళ్లలో చాలామందికి అది ఉండదు.

కారు నడుస్తున్నప్పుడు మాటలతో చెప్పడానికి లేదు. ఆయన ఆమె పెదవులు చూస్తే దారి ఎవరు చూస్తారు? అందుకని ఆయన ఎడమ చేతి మీద, మోచేతికి కొంచెం పైన, ఆమె చెయ్యి పెట్టి కూర్చునేది. అరచెయ్యి ఊరికే ఆనించి ఉంటే బాగుంది. రెండుసార్లు పొడిస్తే ఏదో వచ్చింది. గిల్లితే ఆపమని. వారానికి రెండు మూడు పొద్దులు, జనం లేవకముందు, ఎమ్మిగనూరు దారిలో కాలువ దాకా పోయి తిరిగి వచ్చేవాళ్లు. కాలువ ముందర చిన్న ఎత్తు ఉంది. దాని మీద బండి లాగితే లోపలి లోపాలన్నీ బయటపడతాయని అన్న నమ్మకం.

జనం చూడకుండా ఉండరు. బస్టాండు దగ్గర టీ అంగడిలో డ్రైవర్లకు అది మంచి కాలక్షేపం అయింది.

“ఏమన్నా, వదినమ్మ సెయ్యెయ్యకపోతే బండి కదలదంట?”

“సెల్ఫు మోటరు ఆయమ్మేనంట కదప్పా. బ్యాటరీ గూడా ఆయమ్మేనా?”

అన్నకు సగం అందేది, సగం అందేది కాదు. అందినట్టు నవ్వేవాడు. ఒకసారి వదిన కూడా కారులోనే ఉంది. తల బయటకు పెట్టి, ఎక్కువగా వాగుతున్నవాడితో అంది, “నీ పెండ్లాన్ని గూడా ఎక్కిచ్చుకో అప్పా ఒగ తూరి. ఎక్కితే నీ బండెట్లుందో నలుగుర్లో సెప్తాదని బయమా?”

వాడు టీ గ్లాసు చూసుకున్నాడు. మిగతావాళ్లు వాణ్ణి ఆ సాయంత్రం దాకా వదలలేదు.

మేస్త్రీ మాత్రం ఎగతాళి చేసేవాడు కాదు. ఆయన మిల్లుల దగ్గర షెడ్డు పెట్టుకున్న సాయిబు. అన్న కారు తీసుకొని పోతే ముందు నా వైపో, వదిన వైపో చూసేవాడు. “భాభీ ఏమన్నాదో సెప్పండి. తర్వాత బానెట్ ఎత్తుదాం,” అనేవాడు. అన్నకు వినపడదని ఆయన ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లతో, “ఆ మనిషి తక్కువ మాట్లాడతాడు, అంతే భాయ్,” అనేవాడు.

అన్న కూడా దాచడం నేర్చుకున్నాడు. ఎక్కినవాళ్లు మాట్లాడుతుంటే అద్దంలో వాళ్ల నోళ్లు చూసేవాడు. హారను వినపడదు కాబట్టి వెనకచూపు అద్దాన్ని మాటిమాటికీ చూసేవాడు. ఆ చూపుకే ఆయన సాయంత్రానికి అలిసిపోయేవాడు. ఇంటికి వచ్చి మాట లేకుండా గోడకు ఆనుకొని కూర్చునేవాడు. వదిన గంజి ఇస్తే తాగి కళ్లు మూసుకునేవాడు. చెవిటివాళ్లకు కళ్లు మూసుకుంటే లోకం పూర్తిగా ఆగిపోతుంది. ఆ విశ్రాంతి ఆయనకు అవసరమని మేము పలకరించేవాళ్లం కాదు.

వదిన పుట్టిల్లు గురించి ఇక్కడ చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

వాళ్ల నాయన ఎమ్మిగనూరులో నేతపని చేసేవాడు. ఇంట్లోనే గుంటమగ్గం. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసే మగ్గం అది. వదిన చిన్నప్పటి నుంచీ దాని పక్కనే కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టింది. నేను వాళ్లింటికి చాలాసార్లు పోయాను. మగ్గం కొడుతూ ఉంటే ఆ ఇంట్లో ఎవరూ దాన్ని వినరు. ఆగితే వింటారు. వాళ్లమ్మ వీధి కుళాయి దగ్గర బిందె పెట్టుకొని మాట్లాడుతూ మాట్లాడుతూ ఉలిక్కిపడి, “ఆగిండాది, ఏమైందో,” అని బిందె అక్కడే వదిలి పరుగెత్తడం నేను చూశాను. పోగు తెగి ఉంటుంది. నూలు అయిపోయి ఉంటుంది. లేదా ఆయనకు నడుము పట్టి ఉంటుంది. ఆగడమూ, తడబడడమూ కష్టానికి గుర్తు. ఒకే తీరున కొడుతూ ఉందంటే ఆ పూట గండం లేదు. కండె చుట్టే పిల్లలు ఆ దెబ్బకు తగ్గట్టు వేళ్లతో నేల మీదో, మోకాలి మీదో తట్టుకుంటూ ఉంటారు. అది వాళ్లకు తెలియకుండానే జరుగుతుంది.

మా అన్న మొదటి రోజున ఆమెకు చెప్పింది కూడా అదే. “గతి తప్పినేది ఏమన్నా ఇనపడితే సెప్పు.”

ఎనభైల మొదట్లో, ఒక పత్తి కాలంలో, అన్న బతుకు దాదాపు ఒక్క మనిషి మీద ఆధారపడి ఉండేది. ఆయన మార్కెట్టులో పత్తి కమీషను వ్యాపారం చేసే సావుకారు. ఎమ్మిగనూరు, దేవనకొండ వైపు పల్లెలకు రైతుల దగ్గరికి పోవాలంటే మా అన్న కారే పిలిచేవాడు. మాట తక్కువ డ్రైవరని ఆయనకు మా అన్న నచ్చాడు. ఆయన్ని చూసి మిగతా వ్యాపారులూ పిలిచేవాళ్లు.

ఆ రోజు పొద్దున వాళ్లిద్దరూ మామూలుగా కాలువ దాకా పోయివచ్చారు. నేను బడికి పోవడానికి సైకిలు తుడుచుకుంటూ ఉన్నాను. వదిన కారు దిగి, చీర కొంగుకు అంటిన దూది దులుపుకుంటూ చెప్పింది, “ఈ పొద్దు మంచిగ పోతాండాది. ఎత్తు మీద గూడా బాగుండె.”

అన్న ఆమె నోరు చూసి తృప్తిగా నవ్వి, సావుకారును ఎక్కించుకోవడానికి పోయాడు.

తర్వాత జరిగింది నాకు ఇద్దరూ చెప్పారు. అన్న అదే వారంలో చెప్పాడు. సావుకారు చాలా ఏళ్ల తర్వాత, మా బడి వార్షికోత్సవానికి వచ్చినప్పుడు చెప్పాడు. ఇద్దరి మాటలూ కలిశాయి.

కారు ఊరు దాటాక సావుకారుకు కింద ఏదో కొట్టుకుంటున్నట్టు వినిపించింది. అడిగాడు. అన్న ముందుకే చూస్తున్నాడు. చప్పుడు పెరిగింది. మళ్లీ అడిగాడు, ఈసారి గట్టిగా. కాలువ ఎత్తు మీదికి వచ్చేసరికి అది సుత్తితో బాదినట్టు అయింది. ఆయన సీటు మీద నుంచి ముందుకు జరిగి, “ఆపప్పా, ఆపప్పా” అని అరుస్తున్నాడు. ఎదురుగా దూది బోరాలు నింపిన లారీ ఒకటి వస్తోంది. అన్న దాన్నే చూస్తున్నాడు కానీ అద్దం చూడలేదు. లారీ దాటిపోయిన తర్వాత ఇంజను ఒక్కసారి పేలినట్టు అయింది. స్టీరింగులో అదురు వచ్చాక గానీ అన్నకు తెలియలేదు. లోపల ఒక రాడ్డు విరిగి, ఇంజను పక్కను పగలగొట్టుకొని బయటికి వచ్చింది. కారు అదే ఊపులో కొంతదూరం పోయి నిలబడింది. వెనక దారి పొడుగునా ఆయిలు గీత.

అన్న దిగి బానెట్ ఎత్తి చూస్తూ నిలబడ్డాడు. సావుకారు కూడా దిగాడు. ఆయన తిట్టలేదు. మా అన్న వెనకగా వచ్చి నిలబడి, మామూలు గొంతుతో పిలిచాడు. అన్న కదలలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచాడు. చప్పట్లు కొట్టాడు. అన్న వంగి ఆ పగులులోకి చూస్తూనే ఉన్నాడు. అప్పుడు సావుకారు చుట్టూ తిరిగి ముందుకు వచ్చి, ఆయన ముఖంలోకి చూసి అడిగాడు.

“ఎన్నాళ్ల నుంచి?”

ఆ మాట అన్నకు అందింది.

“గొంతు సించుకుంటినప్పా. నీ ఎనకనే కూసోని, గొంతు సించుకుంటి.”

అంతే అన్నాడట. తర్వాత అటుగా వచ్చిన బస్సు ఆపి ఎక్కి వెళ్లిపోయాడు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ చెప్పలేదు. నేను కొన్ని వారాలు ఊళ్లో చెవులు రిక్కించుకొని తిరిగాను. ఎక్కడా వినపడలేదు.

కారును లారీకి కట్టి లాక్కొచ్చి మేస్త్రీ షెడ్డులో పెట్టారు. మరుసటి రోజు మేము ముగ్గురం అక్కడికి పోయాం. మేస్త్రీ ఇంజను దించి, లోపలి బేరింగు ముక్కలు అరచేతిలో పోసి చూపించాడు. అరిగి అరిగి చాకొలెట్టు కాగితంలాగా పలచబడి ఉన్నాయి.

“ఇది నిన్నటి సంగతి కాదు భాయ్. బరువు మీద బాగానే కొట్టుకొని ఉంటుంది. టక్, టక్, టక్. భాభీకి ఇనపడలేదా?”

“ఇనపడె,” అంది వదిన.

“మరి సెప్పలేదేం?”

“అది తప్పు సప్పుడని ఎవురు సెప్పిరి? మా నాయన మగ్గం మంచిగ సాగే పొద్దు అట్లనే ఉంటాది. యాడా తప్పలా, ఒక్కటే తీరుగ వస్తాండె. బలే పోతాండాదే అనుకుంటి.”

మేస్త్రీ ఆ ముక్కలను బల్ల మీద పోశాడు. అన్నకు ఏమీ అందలేదు. “ఏమంటాంది?” అని నన్ను అడిగాడు. నేను చెప్పబోయే లోపల వదిన ఆయన ఎడమ చెయ్యి పట్టుకొని, మోచేతి పైన మూడు వేళ్లతో కొట్టి చూపించింది. నిదానంగా, గట్టిగా, ఒకే తీరున.

అన్న ఆ వేళ్లను చూశాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు.

“నిన్న గూడా ఇట్లే ఏస్తా ఉంటివి,” అన్నాడు. “కాలవ కాడి నుంచి ఇంటిదంకా. సంతోసంగా ఉండావనుకుంటి.”

చప్పుడు ఆయనకు చేరింది. ఆమె వేళ్ల మీదుగా, దారి పొడుగునా, ఆయన చేతి మీద కొట్టుకుంటూనే ఉంది. ఆమె దాన్ని చెప్పాలనుకోలేదు, ఆయన దాన్ని చెప్పడం అనుకోలేదు. వాళ్ల గుర్తుల్లో పొడవడం ఉంది, గిల్లడం ఉంది, ఊరికే ఆనించడం ఉంది. తాళం వేయడం లేదు.

వదిన షెడ్డు బయటికి పోయి ఒక టైరు మీద కూర్చుంది. ఏడవలేదు. అన్న పోయి పక్కన కూర్చున్నాడు.

“నువ్వు సక్కగనే సెప్తివి,” అన్నాడు. “నేను అడిగింది అది గాదు, అంతే.”

ఇంజను మళ్లీ తయారవడానికి చాలా రోజులు పట్టింది. పాత సామాన్ల అంగడిలో దొరికిన ఇంకో ఇంజనుతో కలిపి మేస్త్రీ నిలబెట్టాడు. ఆ రోజులన్నీ వదిన ఒక్కటే మాట మీద ఉంది. తనకు ఇప్పుడు ఆ చప్పుడు తెలుసు. ఇంకోసారి తప్పదు. తాను రోజూ వస్తుంది, జనం ఎక్కినప్పుడు కూడా వస్తుంది, ఎవరేమన్నా సరే.

కారు ఇంటికి వచ్చిన సాయంత్రం కూడా అదే మాట అంది. అన్న మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె నోరు చివరిదాకా చూశాడు.

“ఇంజను సప్పుడు నువ్వు సెప్తావు మే,” అన్నాడు. “ఆయప్ప నా ఎనకనే కూసోని అరిసినాడంట. లారీ వచ్చింది. ఆడ పిల్లలుండి ఉంటే?”

ఆమె కారు వైపు చూసింది.

“నాకు శాతగాదు ఇంగ. అద్దంలో సూసి సూసి నా కండ్లు గూడా పోతాండాయి.”

ఎవరూ ఆయన్ని ఆపమనలేదు. లైసెన్సు ఎవరూ అడగలేదు. సావుకారు నోరు మూసుకున్నాడు. మరుసటి పొద్దున బండి కడిగి, తాళంచెవి గూట్లో పెట్టాడు. మళ్లీ దాన్ని అమ్మే నాడు తీశాడు.

కొన్నవాడు హొళగుంద నుంచి వచ్చాడు. సగం కన్నడం, సగం తెలుగు. అతనే నడిపి చూస్తానన్నాడు. వదిన ముందు సీటులో కూర్చుంటానంటే వింతగా చూశాడు గానీ వద్దనలేదు. అన్నా నేనూ వెనక కూర్చున్నాం. కాలువ ఎత్తు ఎక్కి, తిరిగి ఇంటి ముందు ఆపగానే అతను నవ్వుతూ అడిగాడు.

“ఏనమ్మా, హెంగుంది? నువ్వు సెప్పు, నీ గాడీ గదా.”

ఆమె వెనక్కు తిరిగి, అన్న ముఖం చూస్తూ, అతనికి చెప్పింది. లోపల ఏదో గీరుకుంటోంది, కొబ్బరి కోరినట్టు. ఎడమ తలుపు గాజు అదురుతోంది. రెండో గేరులో పిల్లి మూలిగినట్టు ఉంది. ఇక ఇంజను ఒకే తీరున పోతోంది, కానీ అది ఎట్లాంటి ఒకే తీరో మేస్త్రీని విని చెప్పమను, నా మాట నమ్మొద్దు. అతను ఆశ్చర్యపోయి మా వైపు చూశాడు. అమ్మేవాళ్లు అట్లా మాట్లాడగా అతను ఎప్పుడూ విని ఉండడు. మేస్త్రీని పిలిపించి, వినిపించుకొనే తీసుకుపోయాడు. కారు సందు మలుపు తిరిగేదాకా వదిన నిలబడి విన్నది. తర్వాత లోపలికి పోయి బియ్యం కడిగింది.

అన్న మళ్లీ జిన్నింగు మిల్లుకు పోయాడు, ఆయిలింజను దగ్గరికే. అక్కడ ఆయన చెవుడు ఎవరికీ పట్టలేదు. ఆ మోతలో చెవులున్నవాళ్లకూ ఏమీ వినపడదు. అందరూ చేతులతో, పెదవులతోనే మాట్లాడుకుంటారు. అరచెయ్యి ఆనించి, స్క్రూడ్రైవరు కరిచి, ఇంజను బాగోగులు చెప్పేవాడు. ఆ మిల్లు మూతపడేదాకా అదే పని. కారు గురించి తర్వాత ఆయన మాట్లాడగా నేను వినలేదు. బస్సులో పోతుంటే మాత్రం డ్రైవరు చేతుల వైపు చూస్తూ ఉండేవాడు.

వదినకు అలవాటు పోలేదు. నేను పెళ్లి చేసుకొని పక్క వీధికి మారాక కూడా ఎప్పుడు పోయినా చూసేవాణ్ణి. ఆయన కూర్చుంటే ఎడమ పక్కన కూర్చుని, వినపడిందల్లా చెప్పేది. తలుపు తట్టారు, వాన మొదలైంది, పక్కింటి పాప నిద్ర లేచింది. కుళాయి కారుతోంది. వీధిలో ఎవరో కొట్లాడుకుంటున్నారు, కాదు, నవ్వుతున్నారు. మారినవీ, ఆగినవీ మాత్రమే కాదు. మారనివి కూడా చెప్పేది. గడియారం కొట్టుకుంటాంది. మిల్లు నడుస్తాంది. మొదట్లో ఆయన విసుక్కునేవాడు. “అదెందుకు మే, అది ఎప్పుడూ ఉండేదే గదా,” అనేవాడు. ఆమె వినలేదు. తర్వాత తర్వాత ఆయనే అడగడం మొదలుపెట్టాడు.

ఆమె చివరి నెలల్లో మంచం పట్టింది. అప్పుడు కూడా ఆయన కుర్చీ ఆమెకు చెయ్యి అందే దూరంలో ఉండేది. ఆమె ఏం చెప్పేదో నాకు తెలియదు. గొంతు లేదు, పెదవులు కదిలేవి. ఆయనకు అదే చాలు.

మంత్రాలయం నుంచి వచ్చిన సాయంత్రం బంధువులు వాళ్ల వాళ్ల ఇళ్లకు పోయారు. నా భార్య లోపల గిన్నెలు సర్దుతోంది. అన్న వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. నేను ఎడమ వైపున్న స్టూలు మీద కూర్చున్నాను. అక్కడ ఎవరు కూర్చోవాలో ఆలోచించలేదు, అలిసిపోయి కూర్చున్నాను. ఆయన ఎడమ చెయ్యి కుర్చీ చేతి మీద బయటికి పెట్టి ఉంది.

కాసేపటికి అడిగాడు, “ఏమన్నా సప్పుడుందా?”

ఆయన ముఖానికి ఎదురుగా వంగి, లోపల గిన్నెలు, వీధిలో ఒక ఆటో, దూరంగా ఎవరి ఇంట్లోనో టీవీ అని చెప్పాను.

“అంతేనా?”

“అంతే అన్నా.”

“అన్నీ సెప్పురా. మారనివి గూడా.”

నేను మళ్లీ విన్నాను. తల మీద ఫ్యాను ఉంది. మేము కూర్చున్నప్పటి నుంచీ ఉంది.

“ఫ్యాను తిరుగుతాంది,” అన్నాను.

“ఎట్ల?”

నేను ఆయన చేతి మీద నా చెయ్యి పెట్టాను.